పెద్దోడి వీపు మీద మా అత్త చెయ్యి

రాండ్రి, ఇట్ల దగ్గరికి జరిగి కూసోండ్రి. చాప చాలకపోతే ఆ గోనెసంచి పరుచుకోండ్రి. కాళ్లు చాపుకున్నా ఏం కాదు గానీ, ఆ గుమ్మం పక్కన మాత్రం జాగ ఇడిసిపెట్టుండ్రి. అది ఇద్దరి జాగ. ఆ ఇద్దరి ముచ్చటే ఇప్పుడు చెప్పబోతున్న.

మాది ములకలపల్లి దగ్గర, అడివి అంచున ఉన్న ఊరు. ఇంటెనక చేను, చేనెనక టేకు చెట్లు, వాటెనక అడివి. మొక్కజొన్న ఏస్తం, కొంచెం మిర్చి పెడ్తం. ఇంట్ల ఉండేది ముగ్గురం: నేను, మా ఆయన, మా అత్త.

ముందు మా అత్త సంగతి చెప్పాలె. మిర్చి ఏరే కాలంలో ఆమె ఒక సాలు ముగించి రెండో సాలు సగానికి వస్తేగానీ మేం మొదటి సాలు దాటేటోళ్లం కాదు. అంత ఉషారు మనిషి ఒక వానాకాలం వాకిట్ల జారి పడ్డది. తుంటి ఎముక ఇరిగింది. కొత్తగూడెం తీసుకపోతే ఆపరేషన్ చేసిండ్రు. ఎముక అతికింది. "నడువమ్మా, నడిస్తేనే బాగైతవ్" అన్నడు డాక్టరు. ఎముక అతికింది గానీ భయం పోలే. నాలుగు కాళ్ల స్టీలు కర్ర తెచ్చినం. "ఇది నన్ను నడిపిచ్చుడేంది, దీన్నే నేను మొయ్యాలె" అని దాని మీద తడిబట్టలు ఆరేసింది. నేను చెయ్యి పడితే "గుంజుతున్నవ్" అనేది. కొడుకు పడితే "తోస్తున్నవ్" అనేది. ఇగ నులక మంచమే ఆమె ఊరు, ఆమె వాడ అయింది. ఆమెను లేపుడు నా పని, లేవననుడు ఆమె పని. గట్ల ఒక ఏడాది పోయింది.

అప్పుడే మా ఆయన ఖమ్మం పోయిండు. అక్కడ ఇనుప సామాను దుకాణం నడిపే భాయ్ ఒకాయన ఉన్నడు. నాగలి కర్రు నుంచి మోటరు పైపు దాక మా మామ కాలం నుంచీ ఆయన దగ్గరే తెస్తం. వాళ్లు పాత ఇల్లు ఇడిసి రెండో అంతస్తుల కిరాయికి దిగిండ్రు. వాళ్లింట్ల ఒక పెద్ద జాతి కుక్క ఉంది, రెండేండ్లు దాటినది. "దీనికి మెట్లు పనికిరావు తమ్మీ. ఇంత ఒళ్లు మోసుకుని రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగితే కీళ్లు పోతయన్నరు. మీ దగ్గర జాగ ఉంది. పైసలేం వద్దు, మంచిగ చూసుకో" అన్నడట భాయ్.

మా ఆయన జాలిపడి ఒప్పుకున్నడని అనుకోకుండ్రి. ఆయన మనసుల అడివిపందులు మెదిలినయ్. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే యాళ్లకు మందలు మందలుగ చేన్ల పడి, తినేదానికన్న తొక్కేదే ఎక్కువ చేస్తయ్. ఇంత పెద్ద కుక్క గట్టు మీద నిలబడితే ఏ పందికి ధైర్నం వస్తదని ఆయన లెక్క.

ట్రాలీ ఆటోల తెచ్చిండు. భాయ్ ఇల్లాలు కూడ ఎంట వచ్చింది. ఆమెను నేను ఆపా అంట, వాళ్ల మాటల్ల అక్క అని. ఆటోల నుంచి కుక్క దిగుతుంటే బండి ఒక పక్కకు ఒంగి, దిగినంక మల్ల లేచింది. పొయ్యిల బూడిద రంగు. నా నడుం దాక ఎత్తు. జారిన పెదాలు, వేలాడే చెవులు, ఏదో తప్పు చేసి వచ్చినట్టు చూసే కండ్లు.

మా అత్త మంచంల నుంచే తల ఎత్తింది. "ఏందిరా, లేగదూడను తెచ్చినవా?"

"దూడ కాదమ్మా, కుక్క."

"కుక్కయితే కుక్కంత ఉండాలె గదరా! దీన్ని చూస్తే బర్రె బెదురుతది."

ఆపా నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకపోయింది. ఆమె చెప్పిన మాటలు ఒక్కటి పోకుండ ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నయ్. "చెల్లే, విను. రోజుకు మూడుసార్లు పెట్టు, కొంచెం కొంచెం. తిన్నంక గంటన్నర ఉరకనియ్యకు. ఒక్కపారి బకెట్ నీళ్లు తాగనియ్యకు. ఎప్పుడన్న ఉత్తగ కక్కవోయి నురుగు తప్ప ఏం రాకుంటే, కడుపు డప్పు తీరు అయితే, అప్పుడు మాత్రం కూసొని చూడకు. ఎత్తుకుని దవాఖానకు ఉరుకు."

"అవ్ ఆపా, అవ్ ఆపా" అన్న.

ఆమె పోయేముందు అది వచ్చి ఆమె తొడకు ఒరిగి నిలబడ్డది. ఈ జాతికి అదొక అలవాటు. ముద్దొస్తే మీదికి ఎక్కవు, నాకవు, వచ్చి గోడకు ఆనినట్టు మనిషికి ఆనుకుంటయ్. ఆపా పడిపోకుండ ఆటో పట్టుకుని నిలబడి, కండ్లు తుడుచుకుని పోయింది.

పట్నంల దానికి ఏదో ఇంగ్లీషు పేరుండె. మా నాలుకలు తిరగలే. రెండో రోజు మా అత్త, "ఓ పెద్దోడా, జర ఎండకు అడ్డం జరుగు" అన్నది. వాడు జరిగిండు. అప్పటినుంచి వాడు పెద్దోడు. మా ఆయన, "అట్లయితే నేను చిన్నోన్నయిన్నా అమ్మా?" అంటే, "ఇన్నేండ్లకు తెలిసిందా?" అన్నది.

సూదిమందు ఏపియ్యనీకి పశువుల దవాఖానకు తీసుకపోతే అక్కడ డాక్టరమ్మ నవ్వుకుంట లేచి వచ్చింది. రోజూ బర్రెలు, మేకలు చూసే మనిషి, ఇసొంటిది మా మండలంల చూస్తననుకోలేదట. వాని పుట్టుపూర్వం చెప్పింది. ఈ జాతి పేర్ల డెన్మార్క్ దేశం ఉన్నా, దీన్ని పెంచి తీర్చింది జర్మనీ దేశమోళ్లట. ఒకప్పుడు జమీందార్లు అడివిపందుల ఏటకు తీసుకపోయేటోళ్లట. పంది చెవి పట్టుకుని, ఈటె పట్టిన మనిషి వచ్చేదాక వదలకపోయేదట.

మా ఆయన మొకం ఎలిగిపోయింది. "ఇన్నవా? నేను చెప్పలే!"

"పూర్తిగ ఇనండి" అన్నది డాక్టరమ్మ. "తర్వాత ఎన్నో తరాలు ఇండ్లల్ల పెంచుకుంట, నెమ్మది గుణం ఉన్నవాటినే ఎంచుకుంట వచ్చిండ్రు. ఇప్పుడు ఇవి చిన్నపిల్లల అసొంటివి. చూసి దొంగ భయపడాలె గానీ ఇవి పెద్దగ ఏం చెయ్యవు. ఆయుష్షు కూడ తక్కువే, ఏడెనిమిదేండ్లు దాటితే ముసలితనం."

మా ఆయన మొదటి సగమే ఇన్నడు. పొద్దుగూకే యాళ్ల చేనుకు తోల్కపోయిండు. టేకు చెట్ల నుంచి నాలుగు పందులు దిగినయ్. పెద్దోడు చూసిండు. పందులూ చూసినయ్. తర్వాత పెద్దోడు మెల్లగ వెనక్కి నడిచి మా ఆయన వెనకాల నిలబడి, ఆయన నడుం పక్కనుంచి తొంగి చూసిండు. మా ఆయన ఒక్కడే డబ్బా కొట్టుకుంట పందుల మీదికి ఉరికిండు. ఆ రోజు చేన్ల పనిచేసి ఇంటికి మళ్లుతున్న కోయ ఆడోళ్లు వాళ్ల మాటల్ల ఏదో అనుకుని, గట్టు మీదనే కూలబడి నవ్విండ్రు. వాళ్లల్ల ఒకామె, "అన్నా, కాపలా కుక్కకా, కుక్క కాపలాకా?" అని తెలుగుల కూడ అడిగింది, ఆయనకు అర్థం కావాలని.

ఇంట్ల మాత్రం వాని తోకతోనే మాకు పని. సంబరపడి ఊపిండంటే అరుగు మీది స్టీలు గిలాసలన్నీ వాకిట్ల పడేవి. గచ్చు మీద పండుకుని మోచేతులు కాయలు కాస్తే పాత బొంత నాలుగు మడతలు ఏసిన. ఎండకాలం మా దిక్కు ఎట్లుంటదో మీకు ఎరుకే. తడిపిన గోనెసంచి పరిస్తే దాని మీద పడి ఉండేటోడు. చలికాలం అదే వాడు గజగజ వణికేటోడు. ఒంటి మీద బొచ్చు అంతంతే కదా. మా మామ పాత రగ్గు నేను మధ్యల కత్తిరించి కుట్టి తొడిగితే, మా అత్త తేరిపార చూసి, "మీ మామ కన్న వీనికే బాగుంది" అన్నది.

ఒకనాడు పొద్దుగాల నేను పొయ్యి కాడ ఉన్న. పెద్దోడు పోయి మంచానికి ఆనుకుని నిలబడ్డడు. మా అత్తకు ఎండ తగుల్తలేదు. "జరుగురా, జరుగు" అని వాని వీపు మీద చెయ్యి పెట్టి తోసింది. వాడు జరగలే. ఆమె ఇంకో చెయ్యి మంచం పట్టె మీద ఆనిచ్చింది. లేచింది. నేను గంటె చేతుల పట్టుకుని చూస్తున్న. వాడు ఒక అడుగు ఏసి ఆగిండు. ఆమె ఒక అడుగు ఏసి ఆగింది. మంచం నుంచి గుంజ దాక, గుంజ నుంచి గుమ్మం దాక వచ్చినంక నా దిక్కు చూసి, "ఏం చూస్తున్నవ్? అన్నం పొంగుతుంది" అన్నది.

నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్, పొగ మీదికి నెట్టిన.

డాక్టరమ్మకు చెప్తే, "చెయ్యి ఆనిచ్చుడు వరకే, బరువు మాత్రం ఏయొద్దు. వీపు, తుంటి దెబ్బతింటయ్" అన్నది. మా అత్తకు కోపం వచ్చింది. "నేను వాని మీద బరువేస్తనా? వాడు గుంజడు, తొయ్యడు. చెయ్యి పెడ్తే ధైర్నం, అంతే." అప్పటినుంచి రోజూ ఇద్దరూ గేటు దాక పోవుడు, రావుడు. వాడు లేకుంట ఆమె ఒక్క అడుగు ఏసేది కాదు. ఆమె నడక మొత్తం వాని నాలుగు కాళ్ల మీదనే నిలబడ్డదని మాకు తెలుసు.

ఇగ మేం చేసిన తప్పు చెప్త. దాచుడెందుకు?

మా ఇండ్లల్ల పశువుకు పెట్టే తీరు ఒకటుంది. కాడి కట్టేముందు ఎద్దుకు కడుపునిండ మేత పెడ్తం. కుడితి గోలెం ముందర నిలబెట్టి, తాగినంత తాపుతం. అప్పుడే పనికి తోల్తం. సగం కడుపుతోని తోలితే పాపమంటరు. ఆపా మూడుసార్లు కొంచెం కొంచెం పెట్టమన్నది కదా, మేం నాలుగు రోజులు పెట్టినం. ఐదో రోజు చేన్ల పని పడ్డది. మేమిద్దరం పొద్దుగాల పోతే మాపటికి వస్తిమి. "ఎద్దంత ఒళ్లు పెట్టుకుని పిట్ట తిన్నట్టు తింటే ఎట్ల?" అని మా ఆయన అన్నడు. నాకూ నిజమే అనిపించింది. పొద్దుగాలనే గంపంత గిన్నె నిండ అన్నం, గోలెం నీళ్లు. ఆరు నెలలు ఏం కాలే. ఏం కాకపోయేసరికి మాదే సరైన తీరు అనుకున్నం.

మొక్కజొన్న కోసే రోజు. కూలోళ్లకని మాంసం వండినం. పులుసు కలిపి పెద్దోనికి రోజుకన్న ఎక్కువ పెట్టిన. గోలెంల మూతి పెట్టి వాడు సగానికి దించిండు. మా ఆయన బండి స్టార్ట్ చేసిండు. వాడు ఎనక ఉరికిండు, చేను దాక.

నేను ఇంటి కాడనే కూలోళ్లకు సద్ది కడుతున్న, పొద్దు నడినెత్తికి రాకముందే పెద్దోడు ఒక్కడే ఇంటికి వచ్చిండు. కూసుంటడు, లేస్తడు, పండుకుంటడు, మల్ల లేస్తడు. కక్కబోతడు, తెల్ల నురుగు తప్ప ఏం రాదు. పక్కల మీద చెయ్యేస్తే డొల్లు డొల్లుమన్నది. నేను ఫోన్ చేస్తే మా ఆయన ఉరికొచ్చిండు. చూసి, "ఉబ్బరమే. ఎద్దులకు రాదా?" అని చూరుల దోపిన వెదురు గొట్టం తీసిండు. నువ్వులనూనెల వాము దంచి కలిపిండు. ఎద్దుకు అదే మందు. గొట్టంతోని గొంతుల పోసి నాలుగు చుట్లు తిప్పితే దిగిపోతది. ఎన్ని ఎద్దులను గట్ల బాగుచేసిండో ఆయన.

వాని దవడ ఎత్తి గొట్టం పెట్టబోతుండు. అప్పుడు ఆపా గొంతు నా చెవుల పలికింది.

"ఆగు! పొయ్యకు!"

"ఎందుకే?"

"ఉత్తగ కక్కవోయి నురుగు తప్ప ఏం రాకుంటే, కడుపు డప్పు తీరు అయితే, కూసొని చూడకు, ఎత్తుకుని దవాఖానకు ఉరుకు అన్నది ఆపా."

"ఎప్పుడన్నది?"

"ఆటో దిగిన రోజు."

మా ఆయన గొట్టం పట్టుకుని నా మొకం చూసిండు. "ఇంత యాది ఉంటే, మూడుసార్లు పెట్టమన్నది యాది లేదా?"

"ఉంది" అన్న. "యాది ఉండే పెట్టలే."

ఆయన గొట్టం పక్కన పడేసిండు. డాక్టరమ్మకు ఫోన్ కలిపిండు. ఆమె అడిగిన మొదటి మాట, "నూనె పోసిండ్రా?"

"పొయ్యలేదమ్మా."

"మంచి పని చేసిండ్రు. నోట్లో ఏం పొయ్యొద్దు, నడిపియ్యొద్దు. ఎద్దు ఉబ్బరం వేరు, ఇది వేరు. కడుపు సంచి మెలి తిరిగి ఉంటది. పోసింది కిందికి దిగదు, ఊపిరితిత్తులల్లకు పోతది. జల్దీ తీసుకురాండ్రి."

తీసుకుపోవుడెట్ల? మనిషంత బరువు. చేతుల మీద ఎత్తితే కడుపు ఒత్తుకుంటది.

"నా మంచం తీసుకపోండ్రి" అన్నది మా అత్త.

"మరి నువ్వు అత్తా?"

"నిలబడత."

"ఏం పట్టుకుని నిలబడతవ్?"

"గుంజ లేదా? నేను పెండ్లయి వచ్చిన నాటి నుంచి అది ఆడనే ఉంది. మాటలాపి పట్టుండ్రి!"

అని ఆమె మంచం పట్టె మీద చెయ్యి ఆనిచ్చి, ఎవరూ ముట్టుకోకుండనే లేచి, గుంజను రెండు చేతుల కావలించుకుని నిలబడ్డది. కాళ్లు వణుకుతున్నయ్. మేము చూస్తుంటే, "నన్ను కాదు, వాన్ని చూడుండ్రి" అన్నది. మా ఆయన ఎనకనే ఉరికొచ్చిన నలుగురు కూలోళ్లు బొంతతోని వాన్ని మంచం మీదికి జరిపి, మంచాన్ని ఊర్ల నుంచి పిలిచిన ట్రాలీ ఆటోల పెట్టిండ్రు. నేను వాని తల పట్టుకుని కూసున్న. ఆటో మలుపు తిరిగేదాక ఆమె గుంజ కాడ అట్లనే కనబడ్డది. "వాడు రాకుంటే నేను ఇగ లేవ" అని అరిచి చెప్పిన మాట కూడ ఇనబడ్డది.

డాక్టరమ్మ బయటనే నిలబడి ఉంది. పక్కల వెంట్రుకలు గొరిగి, లావు సూది గుచ్చింది. సైకిల్ ట్యూబుల గాలి పోయినట్టు చప్పుడు. ఆ వాసన చెప్పేది కాదు. వాని కడుపు ఇంత దిగింది. వాని కండ్లు నా దిక్కు తిరిగినయ్. "ఇది తొవ్వ ఖర్చు అసొంటిదే, ఖమ్మం చేరేదాక పానం నిలబెట్టనీకే. ఆపరేషన్ కావాలె, ఖమ్మం పోండ్రి, నేను ఫోన్ చేసి చెప్త" అన్నది డాక్టరమ్మ.

ఖమ్మంల కుక్కలకు ఆపరేషన్ చేసే డాక్టరు దగ్గర, మాకంటే ముందే వచ్చి ఆపా కూసున్నది. మా ఆయన తొవ్వల ఫోన్ చేసిండట. లోపల మెలి తీసి, మల్ల తిరగకుండ కడుపు సంచిని పక్క గోడకు కుట్టేసిండ్రు. అదైనంత సేపు మేమిద్దరం ఒకే బెంచీ మీద ఉన్నం. ఆమె అడగనే అడిగింది. "మూడుసార్లు పెట్టినవా చెల్లే?"

"లేదు ఆపా."

ఆమె తిడితే బాగుండు అనిపించింది. తిట్టలే. "నాకు కూడ రెండుసార్లు చెప్తేనే ఎక్కింది" అన్నది. తర్వాత మల్ల మొదటి నుంచి చెప్పింది. ఆమె ఒక మాట చెప్పుడు, నేను ఆ మాట ఎనక అనుడు. బడిల కూడ నేను అంత బుద్ధిగ అప్పజెప్పలే. బడికి పోయింది మూడేండ్లే అనుకోండ్రి.

వాన్ని నాలుగు రోజులు అక్కడనే ఉంచాలన్నరు. మా ఆయన ఉండిపోయిండు. నేను బస్సెక్కి దీపాలు పెట్టే యాళ్లకు ఇంటికి వచ్చిన. చూస్తే మా అత్త గుంజ కాడ లేదు. గుమ్మం మీద కూసుని ఉంది, ఇగో, మిమ్ముల ఇడిసిపెట్టమన్న ఆ జాగల.

"ఇక్కడికెట్ల వచ్చినవ్ అత్తా?"

"మంచం తీసుకపోతిరి. గుంజను పట్టుకుని ఎంతసేపు ఉంటరే? గోడ పట్టుకుని వచ్చిన. అది సరే, వాడేడి?"

"పానం ఉంది. నాలుగు రోజులకు తీసుకొస్తరు. కుట్లు మానేదాక వాని మీద చెయ్యి ఎయ్యొద్దన్నరు."

ఆమె గేటు దిక్కు చూసింది. "ఎయ్య" అన్నది.

మరునాడు లేపుడు నా పని కాలే. ఆమే లేచింది. గోడ పట్టుకుని గుమ్మం దాక, గుమ్మం నుంచి ఆ తడిబట్టల స్టీలు కర్ర పట్టుకుని వాకిట్ల దాక. "ఇప్పుడేం నేర్చుకుంటున్నవ్ అత్తా?" అంటే, "వాడొస్తే వాని పక్కన నడవొద్దా? వాడు నా కోసం ఆగుతడు, ఆగితే వానికి నొప్పి" అన్నది. నాలుగో రోజు ఆటో వచ్చే యాళ్లకు ఆమె గేటు కాడ ఉంది. పెద్దోడు మంచం మీదనే వచ్చిండు. దిగి, మెల్లగ నడిచి, ఆమెకు ఆనుకోబోయిండు. "వద్దురా, పక్కన నడువు సాలు" అన్నది. ఇద్దరూ అట్లనే, ఎడంగ, ఒక అడుగు ఒక అడుగు ఏసుకుంట లోపలికి వచ్చిండ్రు. మంచం వాపసు వచ్చింది గానీ, కుట్లు మానేదాక దాని మీద వాడే పండుకున్నడు. మా అత్త చాప మీద.

అప్పటినుంచి మా ఇంట్ల మూడు పూటల పద్ధతి. వాడు తిన్నంక గంటన్నర దాక బండి స్టార్ట్ చెయ్యం. మా ఆయన ఎంత పనున్నా అరుగు మీద కూసొని ఆగుతడు. ఆగి ఆగి ఆయనకూ తిన్నంక జర కూసునే అలవాటు అయింది.

ఇప్పుడు పెద్దోనికి ఎనిమిదేండ్లు దాటినయ్. మూతి అంతా తెల్లబడ్డది. ఎనక కాళ్లు లేచేటప్పుడు వణుకుతయ్. డాక్టరమ్మ, "ఈ జాతికి ఇది నిండు ఆయుష్షే, ఉన్నన్నాళ్లు సుఖంగ చూసుకోండ్రి" అన్నది. మాపటియాళ్ల ఇద్దరూ గేటు దాక పోతరు. నడుమల వాడు ఆగుతడు. ఆమె కూడ ఆగుతది. వాని వీపు మీద చెయ్యి ఉంటది. ఇప్పుడు ఆ చెయ్యి తన కోసం పెట్టుకున్నది కాదు. "తొందరేముందిరా, నేను లేనా" అంటది. వాడు ఊపిరి తీసుకుని ఇంకో అడుగు ఏస్తడు.

అగో, వస్తున్నరు. అందుకే ఆ జాగ ఇడిసిపెట్టమన్న. వాడు ముందుగ పండుకుంటడు, ఆమె వాని పక్కన కూసుంటది.

మీరు కూడ సల్లగ ఉండుండ్రి. మీ ఇంట్ల లేవలేనోళ్ల పక్కన లేపే చెయ్యి ఉండాలె, మూగ జీవానికి యాళ్లకు అన్నం ఉండాలె. మీ గుమ్మం దాటి బయటికి పోయినోళ్లందరూ క్షేమంగ మల్ల మీ గుమ్మానికే రావాలె.